పేరు పైన ఖాళీ

మొన్న పార్సిల్ ఆఫీసులో రసీదు కోసం నిలబడి ఉంటే, బల్ల వెనక నుంచి కర్ర్ కర్ర్‌మని పాత ప్రింటర్ చప్పుడు వినిపించింది. ఆ రకం ప్రింటర్లు ఇప్పుడు ఎక్కడో గానీ కనపడవు. అంచుల వెంట చిల్లులున్న కాగితం ఆగి ఆగి బయటికి వస్తోంది. నన్ను పిలుస్తున్నా వినిపించుకోలేదు. వెనకాయన భుజం తట్టి, "ఏంది సార్, నిలబడే నిద్రపోయినారా?" అన్నాడు. నిద్ర కాదు, ఎస్తేరమ్మ మేడం గుర్తుకొచ్చారు.

తొంభైల చివర్లో ఆత్మకూరులో మాది చిన్న ఆఫీసు. చుట్టుపక్కల మండలాల ఆస్పత్రుల నుంచి వచ్చే రోగుల లెక్కలన్నీ చేర్చి పైకి పంపడం మా పని. మేడం దానికి పెద్ద, నేను ఆమె కింద అసిస్టెంటును. ఇద్దరిదీ ఉదయగిరే కాబట్టి పొద్దున ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. ఆమె నాయన మిషన్ బడిలో పంతులు. అక్షరం వంకరగా ఉంటే వేళ్ళ మీద కొట్టేవాడట. ఆ కొట్టే బుద్ధి ఈమెకు వచ్చింది గానీ, కొట్టడానికి మాటలు తప్ప బెత్తం ఉండేది కాదు. బెత్తం బదులు ఉదయగిరి కొయ్యపనివాళ్ళు చేసిన చెక్క స్కేలు ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది.

ఆ ఏడాదే మాకు కంప్యూటర్ వచ్చింది. దానికొక గది, గదికొక తాళం, కంప్యూటర్‌కు పూల గుడ్డతో కుట్టించిన ముసుగు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. నెల్లూరులో ఆరు నెలలు కోర్సు చేసి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అంచేత నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అంకెలు వేసి మీట నొక్కితే తెర మీద రంగురంగుల స్తంభాలు లేచేవి. అటెండరు, డ్రైవరు వచ్చి నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. నేను కాలు మీద కాలు వేసుకునేవాణ్ణి.

ఆ వానాకాలంలో ఒక శుక్రవారం, నెలలో వచ్చిన వాంతులు, విరేచనాల కేసులకు చార్టు చేయమన్నారు మేడం. సోమవారం మీటింగుకు జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. ఒక్కో ఆస్పత్రికి ఒక్కో స్తంభం. మీట నొక్కగానే ఒకే ఒక్కటి నిలువునా లేచింది, అనుమసముద్రంపేటది, అందరి నోట్లో ఏ.ఎస్.పేట. మిగతావన్నీ కింద గీతకు అతుక్కుపోయాయి. ఏ.ఎస్.పేట దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రోజుల తరబడి అక్కడే ఉంటారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు అక్కడి ఆస్పత్రిలోనే చూపించుకుంటారు. కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ పెద్దదే. దాన్ని తీసేశాను. మిగతా స్తంభాలు హాయిగా ఒళ్ళు విరుచుకుని లేచాయి. ఇంత చక్కటి చార్టు జిల్లాలోనే ఉండదనుకుంటూ ప్రింటు తీసి మేడం ముందు పెట్టాను.

"ఏ.ఎస్.పేట ఏదయ్యా కొండయ్యా?"

"తీసేసినాను మేడం. అదొక్కటే అన్నింటినీ తొక్కేస్తా ఉండాది."

"నచ్చనోణ్ణి ఫోటోలోంచి కత్తిరించినట్టు కత్తిరించినావా? వాళ్ళేం జనం కాదా?"

వెనక్కి పోయి ఏ.ఎస్.పేటను మళ్ళీ చేర్చాను. ఈసారి కొత్త తెలివి ఉపయోగించాను. పక్కనుండే కొలత గీతకు ఇంతకు మించి పోకూడదని హద్దు పెట్టాను. మిగతా ఊళ్ళు కనిపించాయి, ఏ.ఎస్.పేట స్తంభం మాత్రం తల పైకప్పుకు తగిలి ఆగిపోయింది. మేడం చెక్క స్కేలు ఆ కప్పు మీద ఆనించి, "ఇప్పుడు ఇది ఇంతే అనుకుంటారు చూసినోళ్ళు. ఇది ఇంకా పెద్ద అబద్ధం" అన్నారు.

"మరెట్ట మేడం? పూర్తిగా పెడితే మిగతావి కనపడవు."

"ఉదయగిరి కొండంతా పడేటట్టు ఫోటో తీస్తే, కింద బస్టాండులో నిలబడిన నువ్వు కనపడతావా? కొండకొక ఫోటో, నీకొక ఫోటో తియ్యాల. రెండు బొమ్మలు చెయ్యి. ఒకదాంట్లో అన్నీ ఉండనీ. రెండోదాంట్లో ఏ.ఎస్.పేట లేకుండా మిగతావి పెట్టి, ఎందుకు లేదో కింద రాయి."

అప్పటికే సాయంత్రమైంది. బస్సు తప్పిపోతుందని నా గోల నాది. రెండూ చేసి ఇచ్చాను. బాగుందన్నారు. నేను సంచి సర్దుకుంటుంటే, స్కేలుతో పొడుగు స్తంభం మీద టకటకా కొట్టి, "ఇంత పొడుగు ఎందుకుండాదో?" అన్నారు.

"దర్గాకు వచ్చే జనం మేడం. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ పొడుగే. ఎప్పుడూ ఇంతేనా?"

పాత కాగితాలు తీశాం. అంతకుముందు ఏ నెలలోనూ ఇందులో సగం కూడా లేదు. బస్సు ఎటూ వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం, ఇద్దరం ఏ.ఎస్.పేట వెళ్ళాం. అక్కడి కాంపౌండరు పెద్దాయన, మంచి పనిమంతుడు. వచ్చిన ప్రతి రోగి పేరు పక్కన సొంత ఊరు కూడా రాసి పెట్టాడు. మాకు వచ్చే ఫారంలో ఊరు అడిగే గడి లేదు, అంతే. రిజిస్టరు ముందేసుకుని నేను ఊళ్ళ పేర్లు చదివాను, మేడం గీతలు గీశారు. కావలి, కందుకూరు, కడప, ఎక్కడెక్కడివో. ఒకటి రెండు గీతలకు మించి ఏ ఊరికీ లేవు. ఒక్క పేరు మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. వరికుంటపాడు దిక్కున నలభై గడపల చిన్న ఊరు. ఆ పేరు ఇక్కడ రాయను. గీతలు పెరిగేకొద్దీ మేడం చేయి నెమ్మదించింది.

"మా చర్చోళ్ళు కూడా ఉండారు ఇందులో. ఇక్కడికి వచ్చినట్టు నాకు చెప్పనే లేదు చూడు" అని నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఆ గీతల్లో ఎక్కువ భాగం పిల్లలవే.

ఆ ఊరివాళ్ళు జబ్బు చేస్తే ముందు దర్గాకు మొక్కుకుంటారు. పిల్లల్ని తీసుకుని వచ్చి, మూడు రాత్రులు నిద్ర చేసి పోతారు. అందువల్ల వాళ్ళ దగ్గరి ఆస్పత్రి స్తంభం బుడిపెలా కూడా లేవలేదు. ఊరి జబ్బంతా వచ్చి ఏ.ఎస్.పేట పొడుగులో కలిసిపోయింది. ఆ పొడుగునే నేను ముందురోజు మీట నొక్కి తీసేశాను.

మేడం అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేశారు. ఆదివారం ప్రార్థన మానుకుని జీపు ముందు సీట్లో కూర్చున్నారు. ఆ ఊళ్ళో చేతిపంపు చెడిపోయి నెలయిందట. అందరూ పాత బావి నీళ్ళే తాగుతున్నారు. ఆ బావి పక్కనే గొడ్లను కడుగుతున్నారు. ఇళ్ళల్లో ఇంకా ఏడెనిమిది మంది పిల్లలు మంచాల మీద ఉన్నారు. ఒక పాప కళ్ళు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక చూస్తోంది. డాక్టరు సెలైన్ పెట్టాడు. సాయంత్రానికి ఆ పాప నోరు తెరిచి నీళ్ళడిగింది. వాళ్ళ అవ్వ మేడం చేతులు పట్టుకుని, "మా గోస మీకు ఎవురు చెప్పినారమ్మా?" అంది.

"ఇదిగో, ఈయప్ప కనిపెట్టినాడు. కంప్యూటర్‌లో" అన్నారు మేడం నన్ను చూపించి.

ఆ అవ్వ నాకు దండం పెట్టింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "ఎందుకట్ట చెప్పినారు మేడం? నేను చేసింది మీకు తెలుసు కదా" అన్నాను.

"తెలుసు. ఆమె దండం నీకు జీవితమంతా గుచ్చుకుంటాదని చెప్పినా. తిట్టుంటే రేపటికి మర్చిపోతావు" అని హాయిగా నవ్వారు.

ఆ ఊళ్ళో ఒక్క ప్రాణం కూడా పోలేదు. పంపు బాగైంది, బావిలో మందు చల్లారు. అప్పటి నుంచి మా ఫారంలో రోగి ఊరికి ఒక గడి, మా చార్టులో ఆ ఊరికి సొంతంగా ఒక చోటు. తర్వాత నెల చార్టు తీస్తే, ఆ పేరు పైన స్తంభమే లేదు. సున్న. కింద పేరు ఒక్కటే ఉత్తగా నిలబడి ఉంది. చూడడానికి బాగాలేదని ఆ పేరు తీసేయబోయాను.

"ఉండనీ కొండయ్యా. మనం చేసిన పని అదే" అన్నారు మేడం.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నన్ను అంత తెలివిగా తిట్టినవాళ్ళు మళ్ళీ దొరకలేదు, ఆ లోటు నాకు బాధే. ఆ కాగితాన్ని మాత్రం అద్దం కట్టించి నా బల్ల ఎదురుగా గోడకు పెట్టుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళు దగ్గరికి పోయి చూసి, "ఇక్కడ ప్రింటు సరిగా పడలేదే" అంటుంటారు.

పడింది అంటాను.