మాల్ గుమ్మంలో నాన్న చెప్పులు

ఆర్మూర్‌లో కొత్తగా తెరిచిన మాల్ అద్దాల తలుపు ముందు నిన్న నాన్న చెప్పులు విప్పాడు. రైతుల పసుపు అమ్మిపెట్టే మా అడ్తి దుకాణంతో పాటు ఆ వరుసంతా కూల్చి కట్టిన మాల్ అది. మార్కెట్ గల్లీ దోస్తులారా, గుర్తుందా? గడప దాటితే పసుపు కుప్పలే. చెప్పులతో తొక్కితే తాత చేతిలో వీపు విమానం మోత మోగేది. బడికి వెళ్లినా మన అరికాళ్లు పచ్చగానే ఉండేవి. ఇప్పుడక్కడ ఏసీ చలి, సెంటు వాసన.

“చెప్పులు ఏసుకొనే పోవచ్చు పెద్దయ్యా,” అన్నాడు గార్డు.

“ఎరికే బిడ్డా. కాళ్లే ఇంటలేవు,” అన్నాడు నాన్న.

ఆ జాగా అమ్ముదామని పట్టుబట్టింది నేనే. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచాను.