కదిరి కౌజుల్లో అదనపు గీత

1965 ఎండాకాలంలో నన్ను అనంతపురంలోని పక్షుల జన్యు పరిశోధన విభాగంలో రీసెర్చి అసిస్టెంటుగా వేశారు. విభాగమంటే రెండు రేకుల గదులు. పై అధికారి రాఘవయ్యగారు. వేటకూ కరువుకూ కౌజు పిట్టలు తగ్గిపోతున్నాయి. పెంచి వదలాలని ప్రభుత్వ ఆలోచన. కదిరి కొండల కౌజులూ, బత్తలపల్లె మెట్టల కౌజులూ ఒకే వంశమా, వేరువేరా అన్నది మేం తేల్చాలి.

రెక్క కింది నరం నుంచి కొద్దిగా రక్తం తీసి, గడ్డకట్టిన గంజిలాంటి పలకలో పెట్టి కరెంటు పంపితే, అందులోని ప్రోటీన్లు విడివిడి గీతలుగా తేలతాయి. మా ఎండకు పలకలు బీటలిచ్చేవి. చుట్టూ తడిగోనెలు కప్పి, నానా తంటాలు పడి దారికి తెచ్చాం. కదిరి పిట్టల్లో ఒక గీత అదనంగా కనిపించింది. రెండూ వేరు వంశాలేనని రాఘవయ్యగారు పరిశోధన వ్యాసం మొదలుపెట్టారు. అది అచ్చయ్యేదాకా మా పద్ధతి బయటివాళ్లకు చూపకూడదన్నారు.

అప్పుడొచ్చింది సుశీల. మైసూరు వైపు ఒక కాలేజీలో ఇదే పరిశోధన చేస్తోంది, పుట్టిల్లు కదిరి. పిట్ట గుండె నుంచి రక్తం తీయడమే ఆమెకు నేర్పారు. అలా తీస్తే పిట్ట బతకదు, ఆమె పలక పగిలిన ప్రతిసారీ ఇంకో పిట్ట చచ్చేది. మా పద్ధతి చూపమంది. రాఘవయ్యగారు కుదరదన్నారు. ఆమె కదలకుండా వరండాలో కూర్చుంది. లోపల నాకు కాలు నిలవలేదు. చేతిలో పని సాగక బయటికొచ్చాను.

“ఏమన్నా, మీరు దాచిపెట్టుకుంటాండారు, నేను చంపుతాండా. ఇంక పిట్టలు యాడ మిగుల్తాయి?” అంది.

తిన్నగా రాఘవయ్యగారి గదిలోకి పోయి, ఆమెకు చూపించకపోతే నన్నిక్కడి నుంచి బదిలీ చేయమన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. కాసేపు గదిలో పచార్లు చేసి, “నా ఎదుటే చూపించు” అన్నారు.

రెక్క నరం పట్టుకోవడం ఆమెకు వెంటనే అబ్బింది. ఆ తర్వాత కదిరి పలక ముందు చాలాసేపు నిలబడింది.

“ఈ రక్తం యాడ తీసినారు సార్?”

“కదిరిలోనే. బస్సులో తెప్పించాం.”

“ఎండకూ కుదుపులకూ రక్తకణాలు పగిలి, లోపలి ప్రోటీన్ బయటికొచ్చింటాది సార్. ఈ గీత పిట్టది కాదేమో, బస్సుదేమో.”

బత్తలపల్లె దగ్గర కాబట్టి అక్కడి పిట్టలను ఇక్కడికే తెచ్చి రక్తం తీసేవాళ్లం. ఆ సంగతి నాకూ రాఘవయ్యగారికీ ఒకేసారి తట్టినట్టుంది.

సుశీల దగ్గర చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్ ఉంది. రక్తాన్ని గిరగిరా తిప్పి కణాలను అడుక్కి దించే యంత్రమది. ముగ్గురం కదిరి పోయాం. అక్కడే రక్తం తీసి, అక్కడే తిప్పి, పైకి తేలిన ద్రవాన్ని మాత్రం తెచ్చాం. పలకలో పెట్టాక మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చేదాకా రాఘవయ్యగారు కుర్చీలో కూర్చోలేదు. చివరికి గీతలు కనిపించేలా రంగు వేసి చూస్తే అదనపు గీత లేదు.

ఒక్క పరీక్షతో రెండు చోట్లవీ ఒకటేనని చెప్పలేం. వేరని చెప్పడానికి మాత్రం ఆధారం పోయింది. రాఘవయ్యగారు వ్యాసం ఆపేశారు. దాని మీద పెట్టుకున్న ప్రమోషనూ రాలేదు. అయినా ఆ తర్వాత మా గదికి ఎవరొచ్చినా పని చూపించమని ఆయనే చెప్పేవారు.

పద్ధతిని దాచిపెడితే అందులోని తప్పు కూడా దానితోపాటే దాగి ఉంటుందని నేను నేర్చుకున్నది అక్కడే.