భూపాల్ సార్ వరండాలో పలక

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు ప్రహరీ గోడకు ఎవరో కోచింగ్ సెంటరు పోస్టరు అంటించి వెళ్లారు. నేను పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగేసరికి జిగురు ఇంకా ఆరలేదు. ఉడికిన మైదాపిండి, అందులో పురుగు పట్టకుండా కలిపే మైలతుత్తం కలిసిన ఆ పుల్లటి వాసన తగలగానే పాల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

అసలే చికాకుగా ఉన్నాను. రిటైరై తార్నాకలో ఉంటున్న మేం కొందరం ఇంటర్నెట్‌లో ఒక చర్చా వేదిక పెట్టుకుందామని ఎన్నో ఆదివారాలుగా కూర్చుంటున్నాం. పేరు కుదిరింది, రంగులు కుదిరాయి. దేని గురించి మాట్లాడుకోవాలో మాత్రం కుదరలేదు. ఒకాయన ఆధ్యాత్మికం అంటాడు, ఇంకొకాయన షేర్లు అంటాడు, ఒకావిడ మోకాళ్ల నొప్పులంటుంది. అపార్ట్‌మెంటు సెక్రటరీ అందరినీ సర్దుబాటు చేస్తున్నట్టు, "అన్నీ పెట్టేద్దామండీ, ఎవరిక్కావలసింది వాళ్లు చూసుకుంటారు" అంటాడు. పోయిన వారం విసుక్కుని లేచి వచ్చేశాను. నిజానికి విసుక్కునే హక్కు అక్కడున్న అందరికన్నా నాకే తక్కువ. పంతొమ్మిది వందల అరవైల చివర్లో, ఇదే తార్నాకలో, ఇదే విషయం మీద నేను భూపాల్ సార్‌ని ఇంతకు పదింతలు విసిగించాను.

ఆయన యూనివర్సిటీలో మాకు భూగోళశాస్త్రం చెప్పేవారు. మెదక్ వైపు రైతు కుటుంబం. తార్నాకలో ఒక మేడ ఇంటి కింది భాగంలో అద్దెకుండేవారు. సన్నగా, ఎప్పుడూ ఎండలోంచి వచ్చినవాడిలా మొహం చిట్లించుకుని ఉండేవారు. ఎవరినీ పెద్దగా మెచ్చుకోగా నేను వినలేదు. కానీ ఆయన వరండాలో గోడకు ఒక పొడవాటి చెక్కపలక దిగగొట్టించి, "దీని మీద మీరేమన్న అడుగుండ్రి, తెలిసినోళ్లు కింద జవాబు అంటిస్తరు" అని విద్యార్థులకు వదిలేశారు. వరండా వీధిలోకే ఉండేది, గేటు వేసేవారు కాదు. కిటికీలో మైదా జిగురు డబ్బా, పక్కన కాగితం ముక్కలు. ప్రశ్న చీటీ కింద జవాబు, దాని కింద ఇంకో జవాబు, ఇలా ఒక్కో ప్రశ్నకు ఒక్కో తోక వేలాడాలని ఆయన ఊహ. సంతకాలు అక్కర్లేదు. ఒక్కటే నియమం: "చింపుడు లేదు. నచ్చకుంటే కింద నీది అంటియ్యి."

పలక చూసే పని నాకూ మల్లేశానికీ అప్పగించారు. నాది గుంటూరు వైపు. మల్లేశం నల్లగొండ జిల్లావాడు, నా క్లాసువాడు, హాస్టల్లో సీటు దొరక్క ఎవరి గదిలోనో నేలమీద పడుకునేవాడు. దేని మీద ప్రశ్నలు అడగాలో ముందు తేల్చుకు రమ్మన్నారు సార్. నేను ప్రపంచ శాంతి అన్నాను, మర్నాడు సాహిత్య ప్రయోజనం అన్నాను, ఆ మర్నాడు రెండూ కలిపి ఇంకా నాలుగు చేర్చాను.

"అన్ని ముచ్చట్లూ మాట్లాడనీకె చాయ్ హోటలున్నది కదనయ్యా, పలకెందుకు?" అన్నారు సార్.

మల్లేశం మెల్లగా అన్నాడు. "సార్, కిరాయి గదుల మీద పెడుదాం. ఏ గల్లీల నల్లా నీళ్లు ఎప్పుడొస్తయి, ఏ మెస్సుల అన్నం మంచిగుంటది. ఊర్ల నుంచి కొత్తగ వచ్చెటోళ్లు దానికే తిరుగుతున్నరు."

నేను నవ్వాను. "యూనివర్సిటీలో చదువుతూ నల్లాల గురించి చర్చ ఏవిటండీ?" అన్నాను, సార్ వైపు తిరిగి. మల్లేశం వైపు చూడను కూడా లేదు.

సార్ ఏమనుకున్నారో గాని, ముందు నా మాటే సాగనిచ్చారు. 'మానవుడి భవిష్యత్తు ఏమిటి?' అని పెద్ద అక్షరాలతో రాసి పలక నడిమధ్య అంటించాను. ఎవరూ పలకలేదు. క్లాసుకు వెళ్లేవాళ్లు చదివి, మొహమొహాలు చూసుకుని పోయేవారు. పరువు పోతుందని నేనే ఒక జవాబు రాశాను, అక్షరాలు కుడివైపుకు వాల్చి. దాన్ని ఖండిస్తూ ఎడమవైపుకు వాల్చి ఇంకోటి. ఇద్దరినీ మందలిస్తూ ఒక పెద్దమనిషి చీటీ. తోక పెరిగింది. నాకు గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు సార్ టీ గ్లాసు పట్టుకుని పలక ముందు చాలాసేపు నిలబడ్డారు. "మస్తు కొట్లాడుతున్నరయ్యా. అందరి దగ్గర ఊదా సిరానే ఉన్నది. నీ పెన్నుల ఏం సిరా ప్రసాదూ?" అన్నారు. నేను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. మల్లేశం నవ్వు ఆపుకోలేక గేటు బయటికి వెళ్లిపోయాడు. "నీకు అడగాలని లేదు. నువ్వు మాట్లాడుతుంటే మంది వినాలని ఉన్నది. అది వేరే పని" అన్నారు. కోపంగా అనలేదు. తలనొప్పి వచ్చినవాడిలా అన్నారు. అప్పుడే ఒక చీటీ తీసుకుని తన నల్లసిరాతో రాశారు: 'ఈ గల్లీల పొద్దుగాల నల్లా రాలేదు. మీ గల్లీల వచ్చిందా?'

సాయంత్రానికి ఆ చీటీకి తోక నేల తాకేటంత పెరిగింది. మల్కాజ్‌గిరిలో రైలు దిగి నడిచి వచ్చేవాళ్లు కూడా ఆగి రాసేవారు. ఏ ఇంటివాళ్లు తొమ్మిదింటికి దీపం ఆర్పమంటారు, ఎక్కడ చేపలు వండుకోనివ్వరు, ఏ మెస్సులో రెండోసారి పప్పు అడిగితే వినబడనట్టు పోతారు. తిట్లు, హాస్యాలు, సలహాలు. కొత్తవాళ్లు ట్రంకు పెట్టె తలమీద పెట్టుకుని ముందు మా పలక దగ్గరికి వచ్చి, చదువుకుని, అప్పుడు గదులు వెతుక్కోవడానికి పోయేవారు. మల్లేశం చెప్పిందే నిజమైంది. ఆ మాట నేను అతనితో అనలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, సార్ యూనివర్సిటీలో ఉండగా, పలక మీద మల్లేశం చేతిరాతతో కొత్త చీటీ కనబడింది. 'గీ పలక ఉన్న ఇంట్లనే మీద గది ఖాళీగున్నది. గాలి మంచిగొస్తది. పేరడిగిన్రు, ఊరడిగిన్రు, ఊర్ల ఏ వాడ అని అడిగిన్రు. అటెన్క గది ఖాళీ లేదన్నరు.'

నేను రెండుసార్లు చదివాను. ఇంటి యజమాని మేడమీదే ఉంటాడు. సాయంత్రం దిగితే చూస్తాడు. పలక పీకిస్తాడు, సార్‌ని ఖాళీ చేయమంటాడు. అది నేను పైకి చెప్పుకున్న కారణం. ఆ గదిని ఇంటాయన రెండురోజుల ముందే నాకు చూపించాడు. నా ఇంటిపేరు విని తలాడించాడు, వాడ అడగలేదు. ఒకటో తారీఖున వస్తానని నేను మాటిచ్చి ఉన్నాను. జిగురు ఇంకా తడిగానే ఉంది. గోరుతో అంచు లేపి చీటీ లాగేశాను.

సార్ వచ్చేసరికి పలక మీద ఆ తడి మరక ఆరలేదు. వేలితో ముట్టి చూశారు.

"ఎవలు చింపిన్రు?"

"నేనే సార్. మీ ఇల్లు పోతుందని."

"నా ఇల్లు పోతే నేను చూసుకుంట. నిన్నడిగిన్నా?" అని చెయ్యి చాపారు. జేబులోంచి తీసి ఇచ్చాను. జిగురుకు ముద్దయిపోయి విప్పడానికి రాలేదు. "గిన్ని దినాలు నల్లాలు, పప్పులు రాసుకున్నం. గిది రాసెటందుకు మల్లేశానికి ధైర్యం రావాల్నంటే గవన్నీ కావాల్సొచ్చినయి. నీకు సమజైతదా?" అన్నారు. మల్లేశాన్ని పిలిపించి ఏం రాశాడో అడిగి, అక్షరం మార్చకుండా తన చేత్తో రాసి, కింద ఎవరూ చెయ్యని పని చేశారు. తన పూర్తి పేరు సంతకం పెట్టి, ఆ మరక మీదే అంటించారు.

నెల తిరగకముందే సార్ ఇల్లు ఖాళీ చేశారు. సామాను రిక్షాలో విద్యానగర్ తీసుకెళ్లాం. పలకకు ఒక చివర నేను, రెండో చివర మల్లేశం పట్టుకుని వెనక నడిచాం. ఆ కొత్త ఇంటివాళ్లు గోడకు మేకు కొట్టనివ్వలేదు. పలక తలుపు వెనక నిలబడిపోయింది. నేను మేడమీది గదిలో చేరలేదు, అదొక్కటే నేను చేసింది, దాన్ని గొప్పగా చెప్పుకోలేను. మల్లేశం మాణికేశ్వర్ నగర్‌లో ఒక రేకుల గదిలో చేరాడు. పలక మోసుకెళ్లిన ఆ దారిలో అతను అన్నది ఒకే మాట. "చింపినవని కాదు ప్రసాద్. చదివి చింపినవ్."

పోస్టరు చూసిన ఆ ఆదివారం సాయంత్రమే మీటింగులో అన్నీ పెట్టేద్దామన్న మాట మళ్లీ వచ్చింది. ఒక్కటే పెడదామన్నాను: తార్నాకలో అద్దెకుండేవాళ్ల కష్టసుఖాలు.

"మనం ఓనర్లం కదండీ, మనకెందుకు?" అన్నాడు సెక్రటరీ.

మొదటి ప్రశ్న రాసుకొచ్చానని చదివి వినిపించాను. 'ఇల్లు చూడడానికి వెళ్తే, పేరు తర్వాత ఏమడిగారు?'

మోకాళ్ల నొప్పులావిడ వెంటనే, "రాయండి, మా అమ్మాయిని బెంగుళూరులో అడిగారు" అంది.

సెక్రటరీ కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "మన అపార్ట్‌మెంటు పేరు కూడా వస్తుందేమోనండీ" అన్నాడు.

"వస్తుంది" అన్నాను.

"వస్తే తీసెయ్యొచ్చులెండి. నడిపేది మీరేగా, మీ చేతుల్లోనే ఉంటుంది" అని, ఎలా తీసెయ్యాలో తన ఫోన్లో చూపించాడు. ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు. మరక ఉండదు, ముట్టి చూసి ఎవరు చింపారని అడగడానికి ఏమీ మిగలదు. నాకు భయం వేసింది. మైదా జిగురైతే కనీసం గోళ్ల కింద మిగిలేది.