ఓబులమ్మ కొట్టిన మిద్దె

ఓబులమ్మ వేలిముద్ర వేసి దొడ్డ బంగళాను కూలగొట్టించిందని మా వీధిలో చెప్పుకుంటారు. అందుకు బదులుగా బంగళా ట్రస్టువాళ్లు ఆమెకు కె.ఆర్.పురంలో ఇంటి సైటు రాసిచ్చారట. కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టుకుని నిలబడినప్పుడల్లా ఈ మాట వస్తుంది.

"ముప్పై ఏండ్లు కూలి చేసినా మనకు గుడిసె నిలబడలే. ఆయమ్మ బొటనవేలొత్తితే సైటొచ్చె," అంటుంది పద్మావతక్క.

"నీ వేలు కూడా చూపీక్కా, ఏ ట్రస్టోడన్నా అడుగుతాడేమో," అని ఇంకొకామె.

అందరూ నవ్వుతారు. వాళ్లలో సగం మంది ఓబులమ్మ చేతి సంగటి తిన్నవాళ్లే. ఎదురుగా మాట్లాడటం నాకు చేతకాదు. ఎనిమిదో తరగతి దాకా చదివిన తెలుగు ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఓబులమ్మది కదిరి పక్క పల్లె. కరువు ఏడాది మొగుడి వెంట బెంగళూరు వచ్చింది. రెండేళ్లకే ఆయన జ్వరంతో పోయాడు. ఆమె సున్నం పనిలో చేరింది. అప్పట్లో పెద్ద ఇళ్లన్నీ సున్నంతోనే కట్టేవారు. సున్నపు రాయిని గుంతలో నీళ్లు పోసి చల్లార్చాలి, నెలరోజులు మగ్గనివ్వాలి, ఇసుకతో కలిపి గానుగలో వెన్నలా రుబ్బాలి. మగ్గిందో లేదో ఓబులమ్మ వేళ్ల మధ్య నలిపి చెప్పేది. మేస్త్రీలు ఆమె మాట కోసం కాచుకుని ఉండేవారు.

దొడ్డ బంగళా తెల్లదొరల కాలంనాటిది. 1972లో దాని మిద్దె కారుతుంటే తీసి కొత్తగా వేశారు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచారు. పన్నెండుమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క పలకలతో కొట్టారు. ఒక రోజు కాదు, పద్దెనిమిది రోజులు. మెత్తగా "దబ్బు దబ్బు" అన్నన్నాళ్లూ లేవకూడదు. పలక ఎగిరి చేతికి తగిలి, కింద గదిలో ఉన్నవాళ్లకు కంచు మోగినట్టు వినిపించాలి. అప్పుడు మిద్దె అయినట్టు. ఆ పన్నెండుమందిలో మా అమ్మ పిల్లమ్మ చిన్నది, పదమూడేళ్లు. వరసకు ఓబులమ్మ పెద్ద. మధ్యలో ఎవరైనా నడుం నొప్పని లేస్తే, "నువ్వు లేసిన చోటే రేపు కారతాది, కూర్చో," అనేదట.

ఇరవై నాలుగేళ్లు ఆ మిద్దె ఒక్క చుక్క కారలేదు.

1996లో ట్రస్టువాళ్లు గోడలకు రిపేరు పెట్టారు. మేస్త్రి మహబూబ్ బాషా. అప్పటికి సున్నం పని అడిగేవాళ్లు లేరు. ఓబులమ్మ, అమ్మ ఇసుక మోసే పనికి వెళ్లారు. నాకు పదకొండేళ్లు, సద్ది తీసుకుపోయేదాన్ని. గోడ మీద సిమెంటు పూయడం చూసి ఓబులమ్మ తట్ట దించేసింది.

"అప్పా, ఇది సున్నం గోడ. వానకు నీళ్లు తాగుతాది, ఎండకు వదిలేస్తాది. మీద సిమెంటు కప్పితే తాగిన నీళ్లు లోపలే నిలుస్తాయి. పై గార ఉబ్బి రాలతాది. గోడ చెడిపోయిందంటారు."

"ఓబులక్కా, గోడకు దప్పికేస్తాదా? ఈసారి టీ కూడా తాగిస్తాం లే," అన్నాడు బాషా. పరంజా మీదివాళ్లు నవ్వారు.

"నవ్వు. రెండు వానలు పోనీ."

"ఓనరు సిమెంటన్నాడు, నేను సిమెంటు పూస్తా. నీ సున్నం మగ్గే లోపల నేను ఇంకో ఇల్లు లేపుతా. సుమ్నే, మాట్లాడకుండా తట్ట ఎత్తుకో."

ఆమె తట్ట ఎత్తుకుంది. ఎత్తుకోక ఏం చేస్తుంది.

రెండు కాదు, నాలుగు వానలు పట్టింది. గోడలు ఉబ్బాయి. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. 2004 నాటికి బంగళా కుష్టు వచ్చిన మనిషిలా కనిపించేది. చుట్టూ అద్దాల కట్టడాలు లేచాయి. ట్రస్టువాళ్లకు ఆ చోట ఏడంతస్తులు కావాలి. బంగళాను కాపాడాలని కొంతమంది సంతకాలు సేకరించారు. అనుమతి ఇచ్చే ఆఫీసు ఒక్కటే మాట అంది: గట్టిగా ఉంటే నిలబెట్టండి, ప్రమాదంగా ఉంటే కూల్చండి.

సంతకాలు సేకరించినవాళ్లలో ఛాయాదేవి ఒకామె. పాత ఇళ్ల బొమ్మలు గీసే ఆర్కిటెక్టు. సున్నం పని తెలిసినవాళ్లను వెతుక్కుంటూ మా వీధికి వచ్చింది. ఓబులమ్మ ఆమెను బంగళాకు తీసుకుపోయి, ఉలితో సిమెంటు పెచ్చు ఒకటి లేపి, లోపలి సున్నం చూపించింది.

"గోరుతో గీకమ్మా. నీ గోరు అరుగుతాది గాని ఇది రాలదు. జబ్బు గోడకు లేదు, వీళ్లు తొడిగిన చొక్కాకు ఉండాది. ఆ సిమెంటంతా తీసి ఒక ఎండాకాలం ఆరనిస్తే చాలు."

తర్వాత మిద్దె ఎక్కి రాయితో కొట్టింది. ముప్పై రెండేళ్ల తర్వాత కూడా మోగింది. ఛాయాదేవి కళ్లు తుడుచుకుంది. "గురువారం విచారణ ఉంది. ఇదే మాట మీరు ఆఫీసర్ ముందు చెప్పాలి ఓబులమ్మా. ఇంజినీర్లకంటే మీ మాటే స్ట్రాంగ్."

"చెప్తా. నా మిద్దె గురించి నేను చెప్పకుంటే ఎవరు చెప్తారు."

గురువారం ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తోడుగా నేను వెళ్లాను. పదింటికి బెంచీ మీద కూర్చోబెట్టి, పిలుస్తామన్నారు. సాయంత్రం నాలుగు దాకా పిలవలేదు. ఓబులమ్మ మంచినీళ్లకు కూడా లేవలేదు, లేచినప్పుడే పిలుస్తారేమోనని. చివరికి ఛాయాదేవి బయటికి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. మా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఆమె మా వీధికి వచ్చింది. చేతిలో జిరాక్స్ కాగితం.

"ఇదేంటి ఓబులమ్మా? గోడలు మెత్తబడ్డాయి, మిద్దె ఎప్పుడైనా పడిపోవచ్చు అని నువ్వే చెప్పావట. కింద నీ పేరు, నీ వేలిముద్ర. మీ సాక్షి ఇదివరకే మాకు రాసిచ్చింది, మళ్లీ పిలవడం ఎందుకు అని ఆఫీసర్ నా ముఖం మీద అన్నాడు." మొన్నటిదాకా ‘మీరు’ అన్న మనిషి ‘నువ్వు’ అంటోంది.

ఓబులమ్మ కాగితం నాకిచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నేను వేలిముద్రను చూశాను.

"నేను ఒత్తలేదమ్మా."

"అందరూ ఇలాగే అంటారు."

"నా చేతులు చూడు," అంది ఓబులమ్మ, రెండు అరచేతులూ ఆమె ముందు పెట్టి.

ఛాయాదేవి చూసింది. సరిగ్గా చూసి ఉంటే చాలేది. "కష్టపడిన చేతులే, కాదనను," అంది నీరసంగా. "అవసరం ఎవరిచేతైనా చేయిస్తుంది. నాకు ముందే చెప్పుంటే బాగుండేది." ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఆమెకు మా మీద జాలి ఉంది, నమ్మకం లేదు. ఆ జాలి తలుచుకుంటే ట్రస్టువాళ్ల మీద కంటే నాకు ఆమె మీదే ఎక్కువ మండుతుంది. పక్కనే నిలబడి నోరు తెరవని నా మీద ఇంకా ఎక్కువ.

శనివారం పొద్దున్నే, కూల్చే అనుమతితో, జేసీబీలు వచ్చాయి. రెండు రోజులు కోర్టులు, ఆఫీసులు ఉండవు. అది చూసుకునే వచ్చారు. ఓబులమ్మ రోడ్డు అవతల నిలబడి చూసింది. ఎప్పుడైనా పడిపోతుందని రాసిన మిద్దె మీద జేసీబీ పంజా వేస్తే మోగింది, పగల్లేదు. రెండోసారి పళ్లు వంగాయి. మధ్యాహ్నం వేరే మిషను తెచ్చి, కింద దూలాలు కోసేస్తే, అప్పుడు ఒకే పలకగా దిగింది. ఆదివారం సాయంత్రానికి గానీ పని ముగియలేదు. మెత్తబడ్డాయన్న గోడల దుమ్ము వీధంతా కమ్మింది.

మహబూబ్ బాషా కూడా వచ్చాడు. ఓబులమ్మ పక్కన నిలబడి, "అక్కా, లోపల గోడ నువ్వు చెప్పినట్లే ఉండాది," అన్నాడు.

"ఎనిమిదేండ్లు పట్టెనా నీకు," అంది ఆమె.

ఇప్పుడు అక్కడ ఏడంతస్తులు ఉన్నాయి. కింది హాల్లో బంగళా కిటికీ చట్రం ఒకటి గోడకు తగిలించి, వెనక దీపం పెట్టారు. పాతదనాన్ని గౌరవించి కట్టామని ఇత్తడి పలక మీద రాయించారు.

వీధిలో మాటలు పడలేక ఓబులమ్మ కె.ఆర్.పురం వెళ్లింది. సైటుకు కాదు. రైలు పట్టాల పక్కన రేకుల గది, బాడుగకు. ఒక మెస్సులో గిన్నెలు తోముతుంది. నేను వెళ్లినప్పుడు బంగళా మాట ఎత్తదు. ఒక్కసారి మాత్రం, "నేను కొట్టిన మిద్దె మెత్తదని నేనే అంటినంట. దాన్ని నమ్మినారే," అంది.

1999లో రేషన్ కార్డు కోసం ఆమె వెంట నేనే వెళ్లాను. గుమాస్తా ఇంకు పూసి రెండు బొటనవేళ్లూ ఐదుసార్లు ఒత్తించాడు. ఐదుసార్లూ నల్లటి మచ్చే పడింది. ఇది పనికిరాదు, సంతకం నేర్చుకుని రా పొమ్మన్నాడు. నాలుగు రోజులు పలక మీద నేనే దిద్దించాను. అప్పటి నుంచి ఎక్కడైనా ఆమె సంతకమే చేస్తుంది. ఛాయాదేవి తెచ్చిన కాగితంలో ముద్ర గీత గీతా విడివిడిగా, తేటగా ఉంది. ఓబులమ్మ బొటనవేళ్లకు గీతలు లేవు. సున్నం ఎప్పుడో తినేసింది.