చేతులే కదులుతాయి

మగ్గాల పేట కుమఠా నాకాలో చద్దర్లు నేసే సిద్ధరాములుకు సినిమా అయినా మగ్గం పనే. చద్దరు మీద పూలు తేల్చే జకార్డు అట్టలకు కిటికీలు కోసి, ఫొటో ఫిల్ము ముక్కలు అతికించి, గొలుసుగా కుట్టి, బల్బుకూ భూతద్దానికీ మధ్య తిప్పుతాడు. తెల్లగుడ్డ మీద భార్య సుందరాబాయి చేతులు బీడీ చుడతాయి. ఆఖరి అట్టను మొదటిదానికి కుట్టేయడం నేతగాడి అలవాటు. అందుకే ఆ బీడీ ఎన్నటికీ పూర్తికాదు. ఫొటోలు తీసేనాడు ఆమె అడిగింది: “నా మొఖం తియ్యవా ఏందయ్యా?”

“మొఖంల ఏం కదుల్తది? చేతులే కదుల్తయి.”

“అయితే చేతులతోనే సంసారం చెయ్యి.”

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది వానాకాలంలో కామెర్లతో ఆమె పోయింది. మొన్న, పక్కింట్లో కొత్తగా దిగిన, తనూ బీడీలు చుట్టే యల్లమ్మ గుడ్డ మీది బొమ్మ చూసి నవ్వింది. “అన్నా, నా చేతులెప్పుడు తీసినవు?”

సిద్ధరాములు గొలుసును మరో చుట్టు తిప్పి, దగ్గరగా చూశాడు. కాదని చెప్పలేకపోయాడు.