రెండోసారి అడగని ఊరు

గుంటూరులో నేను పళ్ళ డాక్టర్ని. అమెరికాలోని కమ్మింగ్‌లో పళ్ళ డాక్టరు పక్కన నిలబడి, పేషెంటు నోట్లో ఊరే నీళ్ళను గొట్టంతో లాగే అసిస్టెంట్‌ని. ఇక్కడ లైసెన్స్ రావాలంటే మళ్ళీ కాలేజీలో చేరాలి. ఆ ఖర్చు ఇప్పట్లో మా వల్ల కాదు కాబట్టి, వర్క్ పర్మిట్ చేతికి రాగానే ఈ ఉద్యోగంలో చేరిపోయాను. బాధ లేదంటే అబద్ధం. కానీ ముక్కు చీదుకుంటూ కూర్చునే రకాన్ని కాను.

మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది స్పానిష్ తప్ప మరో భాష రానివాళ్ళు. కొత్తలో ఒకాయన నొప్పి ఎక్కడో చెప్పలేక దవడంతా తడిమి చూపిస్తే, మేం పక్క పన్నుకు ఎక్స్‌రే తీశాం. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమే లైబ్రరీలో ఉచితంగా నేర్పే స్పానిష్ క్లాసులో చేరాను.

మా తెలుగువాళ్ళం తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఈ సంగతి తెలిసి ఒకావిడ పకపకా నవ్వింది. "అమెరికా వచ్చి స్పానిష్ ఏంటండీ? ముందు మన ఇంగ్లీష్ యాక్సెంట్ ఫిక్స్ చేసుకోవద్దూ?" అంది. ఒళ్ళు మండింది. "నా యాక్సెంట్ గురించి మీకు నిద్ర పట్టకపోతే చెప్పండి, అప్పుడు చూద్దాం" అనేసి ఇంకో గరిటెడు పులిహోర వడ్డించుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ భాష నా నోటికి ఇట్టే పట్టుబడింది. మనలాగే త, దలను నాలుక పళ్ళకు ఆనించి పలుకుతారు. చాలా మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. హైస్కూల్లో స్పానిష్ చదివే మా అమ్మాయి ఓ సాయంత్రం నా చదువు విని, "అమ్మా, నువ్ మా టీచర్ కంటే బెటర్‌గా చెప్తున్నావ్! హౌ?" అని నోరెళ్ళబెట్టింది. ఇక నా కాళ్ళు నేలమీద లేవు. వంట చేస్తూ, కారులో క్లినిక్‌కి వెళ్తూ పాఠాలు అప్పజెప్పుకునేదాన్ని.

ఏడాది తిరిగేసరికి పేషెంట్లతో బాగానే మాట్లాడుతున్నాను. అది గమనించి మా డాక్టరమ్మ ఒకరోజు గదిలోకి పిలిచారు. శనివారాలు స్పానిష్ మాట్లాడేవాళ్ళ కోసమే క్లినిక్ తెరుస్తారట. వాళ్ళతో మాట్లాడి, చేయబోయే వైద్యం వివరించే బాధ్యత నన్ను తీసుకోమన్నారు. మళ్ళీ ఒక మనిషికి ఎదురుగా కూర్చుని, నీ పన్నుకేమైందో నేను చెప్తాను అనగలిగే పని! లోపల ఎగిరి గంతేశాను. నోరు మాత్రం, "అయ్యో, నాకంత రాదండీ. నేనెక్కడ చేయగలను?" అంది.

మనవాళ్ళయితే "ఊరుకోమ్మా, నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?" అనేవాళ్ళు. నేను ఇంకోసారి వద్దనేదాన్ని. మూడోసారికి తలొంచుకుని సరేననేదాన్ని. కాఫీ తాగమన్నా, పేరంటంలో పాట పాడమన్నా మా ఇంట్లో ఆడవాళ్ళం ఒప్పుకునే పద్ధతి అదే. అడగ్గానే సరేనంటే ఎంత లోకువ! డాక్టరమ్మ మాత్రం, "ఉన్నమాట చెప్పినందుకు థాంక్స్. వేరేవాళ్ళని చూస్తాను" అని తన పనిలో పడిపోయారు.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఒక్కసారి అడిగి ఊరుకుంటారా ఎవరైనా?"

"ఇక్కడ అంతే. నో అంటే నో అనే అనుకుంటారు" అన్నారాయన. "రేపు వెళ్ళి నాకు ఇంట్రెస్ట్ ఉందని చెప్పు."

"ఇప్పుడు నేను దేబిరించాలా?"

"దేబిరించడమేంటే బాబూ, అడగడమే కదా!"

రాత్రంతా ఉడికిపోయి, పొద్దున్నే వెళ్ళి అడిగాను. డాక్టరమ్మ నుదురు చిట్లించారు. "రాదని నువ్వే అన్నావు కదా? ఇది పేషెంట్ల విషయం. శుక్రవారం ఒకామెని ఇంటర్వ్యూ చేస్తున్నాను" అన్నారు. మొహం కందిపోయింది. చేతిదాకా వచ్చినదాన్ని నా మొహమాటంతో నేనే పోగొట్టుకున్నానని ఏడుపొచ్చింది.

ఆ గురువారం ఒక పెద్దావిడ పన్ను తీయించుకోవడానికి వచ్చింది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపాగి, డాక్టరమ్మ చిగురు నొక్కి చూస్తూ తనకొచ్చిన ఒక్క స్పానిష్ ముక్కతో నొప్పి ఉందా అని అడిగారు. "నో, నో" అని పెద్దావిడ నవ్వింది. డాక్టరమ్మ పట్టకారు అందుకున్నారు. నేను పెద్దావిడ చేతుల వంక చూశాను. చీర కొంగు లేదు గానీ, ఉంటే నలిపేసేది. తన గౌను అంచును వేళ్ళు పాలిపోయేలా పట్టుకుంది.

ఆ "నో" నాకు తెలుసు.

"డాక్టర్, ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. వంగి, స్పానిష్‌లో అడిగాను. లేదు, మీ పని కానివ్వండి అంది. "అమ్మా, ఇంకో ఇంజెక్షన్ ఇవ్వడం మాకేం కష్టం కాదు. ఎంతసేపైనా ఆగుతాం. నిజం చెప్పండి" అన్నాను. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి ఆవిడకి. "సీ, మిహా. ద్వెలే" అంది. అవును తల్లీ, నొప్పెడుతోంది.

మరో ఇంజెక్షన్ పడింది. పన్ను అనాయాసంగా వచ్చేసింది. వెళ్ళేటప్పుడు ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

"నాతో లేదంది కదా?" అన్నారు డాక్టరమ్మ, గ్లవ్స్ తీస్తూ.

"మర్యాదకి అన్నారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని. నేను పెరిగిన ఇంట్లోనూ ఇంతే. ఆ రోజు మీరడిగితే నేనన్నదీ ఇదే."

డాక్టరమ్మ గ్లవ్స్ చెత్తబుట్టలో పడేసి, నా మొహంలోకి తేరిపార చూశారు. "మరి శనివారాలు నీకు కావాలా?"

అయ్యో అనే మాట పెదవుల దాకా వచ్చింది. మింగేశాను.

"కావాలి" అన్నాను. "నాకంటే బాగా ఆ పని ఇంకెవరూ చేయలేరు."