పుర్రె బొమ్మ

“…నా కుట్టుమిషను మీద పెట్టకు ఆ పుర్రె గుడ్డని, తీసీ!”

“మామ్మా, ఆటలపోటీకి జెండా ఇది! మా జట్టు పేరు లానున్. అంటే సముద్రం దొంగలు.”

“దొంగలకి జెండా ఏటే? సెప్పి దోసుకుంటారేటి?”

“చెప్పే దోచుకునేవారట!” తివ్య నల్లగుడ్డ లాక్కుంది. “టీచర్ చెప్పింది. నల్లజెండా ఎగరేస్తే, లొంగిపోండి, ప్రాణాలతో వదిలేస్తాం అని. లొంగకపోతే ఎర్రజెండా. అప్పుడింక ఎవర్నీ వదలరు.”

కన్నమ్మకి ఒళ్లు మండిపోయింది. మనవరాలి మీద కాదు.

మలేషియాలో బటాంగ్ బెర్జుంటై ఊరి పక్క తోటలో ఇరవై రెండేళ్లు ఆమె వీపున పంపు మోసి, ఆయిల్ పామ్ చెట్ల కింద గడ్డిమందు కొట్టింది. మలాయ్ చదవడం రాదు, తెలుగూ రాదు. చదవడం వచ్చిందల్లా మందు డబ్బా మీది పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. అది కనిపిస్తే ముక్కుకి గుడ్డ కట్టుకునేది. చేతులు కడగందే కూడు ముట్టేది కాదు. తర్వాత పని చేయించే మండోరుగా మహేంద్రన్ వచ్చాడు. బొమ్మ చూసి ఆడవాళ్లు బెదురుతున్నారని, మందుని ఉత్త నీలం డ్రమ్ముల్లో పోయించాడు. “సబ్బునీళ్లే అక్కా,” అన్నాడు. ఆ సబ్బునీళ్లు చిందిన ఎడమ కంటికి పదకొండేళ్లుగా చూపు లేదు.

“ఆ దొంగనాయాళ్లే నయం,” అంది కన్నమ్మ. “ముందు బొమ్మ సూపించినారు. ఈడు బొమ్మ పీకేసి మరీ సంపినాడు.”

కేకలకి కోడలు భార్గవి వంటింట్లోంచి వచ్చింది. నెల్లాళ్లుగా తనూ అదే పనిలో ఉంది.

“ఏటే, నీ మందు డబ్బా మీద బొమ్మ ఉందా?”

“డబ్బా ఏటి అత్తా? నీలం డ్రమ్ములోంచే ముంచుకుంటాం.”

“ఇన్నాళ్లూ సెప్పవేటే!”

“సెప్తే ఊరుకుంటావా? ఇల్లు తోటది. మండోరుకి కోపమొస్తే సామాను బయట పారేయిస్తాడు.”

“నా కన్ను సూడు. అటు కాదు, ఇటు సూడు!”

భార్గవి తల తిప్పుకుంది. ఆమె వేళ్ల గోళ్లు అప్పటికే పసుపుపచ్చగా పుచ్చి ఉన్నాయి.

కన్నమ్మ మిషను ముందునుంచి లేచింది.

“రేపు నువ్వు పంపు ఎత్తవు. పొద్దున్నే లేబర్ ఆఫీసుకి ఎల్తన్నాను. తివ్యా, నువ్వు నాతో రా. మలాయ్‌లో నువ్వే సెప్పాల.”